పెట్టిపో, చూద్దాం

కర్నూలుకు వచ్చి కొండారెడ్డి బురుజు చూసి పోయేవాళ్లెవరూ దాని వెనక సందులోకి తొంగి చూడరు. ఆ సందులోకి వచ్చేది చెడిపోయిన కంప్యూటరును చంకన పెట్టుకున్నవాళ్లే. ఇరవై రెండేళ్లుగా ఉమామహేశ్ కొట్టు అక్కడే ఉంది. బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయినా ఇంతవరకూ ఎవరూ దారి తప్పలేదు. టీ బండివాణ్ణి అడిగినా, పూలమ్మే ఆమెను అడిగినా "రిపేరు మహేశ్ అంగడా? మూడోది పో" అని చెయ్యి చూపిస్తారు.

అతనికొక పద్ధతి ఉంది. దాన్ని పద్ధతి అనాలో రోగం అనాలో ఇదంతా విన్నాక మీరే చెప్పండి. కొట్టు మెట్టెక్కిన మనిషికి 'కాదు' అని చెప్పడు. పిడుగు పడి మాడిపోయిన డబ్బా అయినా, ఎలుకలు కాపురం పెట్టిన డబ్బా అయినా సరే, కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని అటూ ఇటూ తిప్పి చూసి "పెట్టిపో, చూద్దాం" అంటాడు. ఆ రెండు మాటలూ చెవినపడితే చాలు, ఏడుపు ముఖంతో వచ్చినవాడు సగం బాగైపోయిన వస్తువును వదిలిపోతున్నట్టు తేలిగ్గా మెట్లు దిగేవాడు.

దానికి తగ్గ పేరూ ఉంది. వరద వచ్చి ఊరు ఊరంతా మునిగిన ఏడు, బురద నిండిన కంప్యూటర్లు నూట ముప్పై దాకా అతని కొట్టుకు చేరాయి. లోపల పట్టక మేడ మీద వడియాల్లా ఎండబెట్టాడు. పళ్లు తోమే బ్రష్షుతో ఒక్కొక్క ముక్కా కడిగాడు. రెండు నెలలు ఇంటి ముఖం సరిగ్గా చూడలేదు. వాటిలో నూరుకు పైగా బతికాయి. అప్పటినుంచి 'మహేశ్ చేతిలో పడిన డబ్బా చావదు' అని ఊళ్లో ఒక మాట పడిపోయింది. అన్నవాళ్లలో చాలామంది ఆ మాట ఎప్పుడో మర్చిపోయారు. అతను మర్చిపోలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఆ తర్వాత చవక ట్యాబులు వచ్చాయి. వాటిని చూస్తే మొదటినుంచీ అతనికి కడుపుమంట. "దాంట్లో యాడన్నా బిగించే మర ఒకటి ఉండాదా చూడప్పా? జిగురేసి అతికించింటారు. మర లేని వస్తువును యట్ల నమ్మల్ల?" అని టీ బండి దగ్గర వాదించేవాడు. విన్నవాళ్లు నవ్వి, అదే ట్యాబులో క్రికెట్టు చూసుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. వాటి జోరుకు మొదట నెట్ సెంటర్లు మూతపడ్డాయి. తర్వాత, ఏడాదంతా కంప్యూటర్లు చూసుకునే పని అతనికి ఇచ్చిన రెండు ప్రైవేటు బళ్లు కంప్యూటరు గదులను ఎత్తేసి పిల్లలకు తలా ఒక ట్యాబు అంటగట్టాయి. చెడిపోతే బాగు చేయించే మాటే లేదు. పారేసి ఇంకోటి కొంటారు. మహేశ్ కొట్టు ముందు వేసిన మూడు కుర్చీల్లో ఇప్పుడు పక్కింటి పిల్లి పడుకుంటోంది.

ఎదురుగా హనుమేష్ ఫోన్ల కొట్టు. కోసిగి వైపునుంచి వచ్చినవాడు, ముప్పై దాటలేదు. ట్యాబులు, ఫోన్లు, వాటి తొడుగులు, అద్దాలు. ఎప్పుడు చూసినా నలుగురు నిలబడే ఉంటారు. వాడు మంచివాడే. పొద్దున్నే "అన్నా, టీ తాగుదువు రా" అని పిలుస్తాడు. అలా పిలవడం కూడా మహేశుకు గుచ్చుకునేది.

"మీరు గూడా ట్యాబులు పట్టొచ్చు గదా. చెయ్యి అదే, కావిడి అదే" అని భార్య లక్ష్మీప్రియ అన్నం పెడుతూ అడిగింది ఒకరోజు. కావిడి అని ఆమె అన్నది భుజాన మోసేదాన్ని కాదు, సోల్డరింగు కడ్డీని. ఆ కొట్టు సామాన్లకు ఆమె పెట్టుకున్న పేర్లు వేరే.  ఆమె అడిగిన మాట అతని లోపల పనిచేస్తూనే ఉంది. ఒక్క ట్యాబు, ఒక్కటంటే ఒక్కటి బాగు చేసి చూపిస్తే చాలు, మళ్లీ జనం మూడో కొట్టు మెట్టెక్కుతారు అనుకున్నాడు.

అలా అనుకున్న వారానికే మద్దమ్మ వచ్చింది.

నవంబరు ఆఖరు. కోడుమూరు దాటాక ఉన్న పల్లె ఆమెది. నలభై ఉంటాయేమో, ఎండకు ఇంకో పదేళ్లు మీద పడ్డాయి. తువ్వాలలో చుట్టిన వస్తువును చంటిబిడ్డను దించినట్టు బల్ల మీద దించింది.

"సారూ, మహేశ్ అనేది మీరేనా? బస్సులో ఒకాయప్ప చెప్పినాడు, మీ చేతిలో పడినేది చావదంట గదా."

ఇంకేం కావాలి. మహేశ్ కళ్లజోడు నుదుటి మీదకు పోయింది.

"ఇది మా పాపది సారూ. శివకుమారి అని. పోలీసు ఉద్యోగానికి సదువుతాండాది. నాలుగేండ్లకు ఇప్పుడు పడినాయంట ఆ ఉద్యోగాలు. పరుగైతే పొలం గట్టు మీద దినామూ పరిగెత్తుతాది, మొగపిల్లోళ్లు గూడ అందుకోలేరు. లెక్కలే రావు దానికి. కోచింగోళ్లు పాఠాలన్నీ దీంట్లోనే పెట్టిచ్చినారు. వేరేదాంట్లో రావంట. పోయిన సుగ్గిలో తెచ్చిన దుడ్లన్నీ పెట్టి జూలైలో కొన్నాం సారూ."

సుగ్గి అంటే ఏమిటో ఆ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. వానలు మొండికేసిన పడమటి పల్లెలు ఇళ్లకు తాళాలేసి, మూటలు కట్టుకుని, గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోతాయి. మూడు నాలుగు నెలలు చేల గట్ల మీదే కాపురం. ఆ పిల్ల మొదటి పరీక్ష జనవరి ఆఖరున ఉందని, అది అయ్యేదాకా ఈ ఏడు సుగ్గికి పోకూడదని మొగుడు చిన్న ఈరన్నతో పోట్లాడి ఆగిందట మద్దమ్మ.

"ఇంట్లో కరెంటు లేదని పొలంలో మోటారు పెట్టె కాడ చార్జింగు పెట్టినాది. అప్పట్నుంచి లెయ్యడమే లేదు" అని ఆమె నడుముకున్న గుడ్డసంచి తీసింది. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి పైకి తీసి, జాగ్రత్తగా విప్పబోయింది. "ఇదో సారూ, బిల్లు. యేమన్నా అయితే ఈ కాగితం చూపియ్యల్ల అని అమ్మినాయప్ప చెప్పినాడు. నాకు సదువు రాదు, మీరే చూడండి."

ఇక్కడ ఆ వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. కంప్యూటర్ల రిపేరులో బిల్లు అడగడమంటే 'ఇది దొంగ సొత్తు కాదు గదా?' అని అడిగినట్టే. మర్యాదస్తుడైన మెకానిక్కు ఆ మాట నోట రాదు. పైగా అతని కొట్టుకొచ్చే డబ్బాలు ఐదేళ్లవీ పదేళ్లవీ. వాటికి బిల్లులెక్కడ, గ్యారంటీలెక్కడ.

"బిల్లెందుకమ్మా?" అన్నాడు మహేశ్, కాస్త నొచ్చుకున్నట్టు. "నిన్ను నమ్మకనా? మన అంగట్లో అట్ల అడిగే పద్ధతి లేదు. లోపల పెట్టుకో. పెట్టిపో, చూద్దాం."

మద్దమ్మ ముఖం వెలిగింది. కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలూ పెట్టి సంచిలో దోపుకుంది. బుధవారం వస్తానంది.

ఆమె సందు మలుపు తిరగకముందే అతను పనిలో దిగాడు. ఎదురు కొట్టులోంచి హనుమేష్ చూస్తున్నాడని తెలుసు. చూడనీ అనుకున్నాడు. అంచు మీద చిన్న తెల్ల చీటీ అతికించి ఉంది. కంప్యూటర్ల మీద అలాంటి చీటీలు వేలకొద్దీ పీకాడు. ఇదీ గోటితో పీకి కింద పడేశాడు. మరలు లేవు గనక వేడిగాలి గొట్టంతో అంచులు కాచి, పల్చటి కత్తి దూర్చి, మెల్లగా చుట్టూ తిప్పాడు. మూడు వైపులా వచ్చింది. నాలుగో వైపు రాలేదు. అక్కడ ఒక పిసరు బలం ఎక్కువ పెట్టాడు. పదార్థం తెలియని చెయ్యి అంతే చేస్తుంది. టిక్కుమని చిన్న చప్పుడైంది. తెర ఈ మూలనుంచి ఆ మూలకు బీటవారింది.

 తెరదేముంది, ఇంకోటి తెప్పిద్దాం అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. లోపల కాలిపోయిన భాగం ఏదో గంటలో కనిపెట్టాడు. మూడు రోజుల్లో దాన్ని మార్చేశాడు కూడా. బటను నొక్కితే లోపలినుంచి 'టింగ్' మని శబ్దం వచ్చింది. ప్రాణం ఉంది. చూపించడానికి ముఖమే లేదు. మోటారు పెట్టె చేసిన గాయాన్ని మాన్పినవాడు తను చేసిన గాయం దగ్గర ఆగిపోయాడు.

బుధవారం మద్దమ్మ వచ్చింది. "అయిపోవచ్చిందమ్మా, తెర రావల్ల. వచ్చే వారం చూద్దాం" అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది.

తెర రాలేదు. హైదరాబాదులో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఒకడేమో ఆ కంపెనీ పేరే వినలేదన్నాడు. ఇంకొకడు ఆ మోడలు మూడు నెలలకే ఆపేశారన్నాడు. చివరికి గర్వం చంపుకుని ఆ ట్యాబును తువ్వాల కింద దాచుకుని రోడ్డు దాటి హనుమేష్ కొట్టుకు పోయాడు. ఇరవై అడుగుల రోడ్డది. ఆరోజు అది దాటడానికి అతనికి తల ప్రాణం తోకకొచ్చింది.

హనుమేష్ దాన్ని చేతిలోకి తీసుకుని, అంచు చుట్టూ వేలితో తడిమి, ముందు అడిగిన మాట ఇది:

"అన్నా, బిల్లు చూసినావా?"

"బిల్లెందుకప్పా?"

"ఇది కోచింగు కంపెనీ ట్యాబు గదన్నా. ఏడాది లోపల చెడిపోతే ఉత్తపుణ్యానికి కొత్తది ఇస్తారు. పాఠాలతో సహా. కాకుంటే సీలు తియ్యకూడదు." వాడు తలెత్తి మహేశ్ ముఖం చూశాడు. చూసి, గొంతు తగ్గించాడు. "ఎప్పుడు కొన్నారంట?"

జూలైలో. ఆమె చెప్పింది. పిల్ల పుట్టినరోజు గుర్తున్నట్టు చెప్పింది. జూలైలో కొన్నాం సారూ అని.

"మేము ముందు బిల్లు అడుగుతామన్నా. తర్వాతే ముట్టుకుంటాం" అన్నాడు హనుమేష్. ఎత్తిపొడవడానికి అన్నది కాదు, పాపం. అయినా ఆ మాట మహేశ్ వీపు మీద వాతలా పడింది. కొట్టుకు తిరిగి వచ్చి, బల్ల కింద దూరి, చెత్తలో వెతికాడు. ఆ తెల్ల చీటీ దొరికింది. దాని మీద ఎర్రటి అక్షరాలతో రాసే ఉంది, చిరిగితే గ్యారంటీ వర్తించదని. ఇరవై రెండేళ్లుగా చదవకుండా పీకిన చీటీల్లో చదవాల్సింది అదొక్కటే.

ఆ సాయంత్రం ఆ కంపెనీ నంబరుకు ఫోను చేసి, ఆ పిల్లకు మేనమామనని చెప్పుకున్నాడు. సీలు పోయిన వస్తువు తీసుకోం, కావాలంటే మళ్లీ మొత్తం ఫీజు కట్టి కొత్తది కొనుక్కోండి అన్నారు. ఆ మొత్తం అతని కొట్టు నాలుగు నెలల రాబడి. లక్ష్మీప్రియకు చెప్పి ఉంటే మెడలో గొలుసైనా తీసి ఇచ్చేదేమో. చెప్పాలంటే ముందు జరిగింది చెప్పాలి. అదే అతని చేత కాలేదు.

నిజం చెప్పడానికి అప్పటికీ సమయం మించిపోలేదు. డిసెంబరు రెండో వారమే. 'అమ్మా, నా వల్ల తప్పు జరిగింది, దీని మీద ఆశ పెట్టుకోవద్దు, పిల్లకు ఇంకేదన్నా దారి చూడు' అని ఒక్కమాట అంటే, వాళ్లు ఎవరి దగ్గరైనా చేయి చాచేవాళ్లు. కోడుమూరులో లెక్కలు చెప్పే మాస్టరైనా దొరికేవాడు. పదివేల మందికి ధైర్యం చెప్పిన నోరది, ఆ ఒక్కమాటకు పెగల్లేదు. అతని మీద నాకూ కోపమే. కానీ ఇరవై రెండేళ్లు ఒకే మాటతో బతికినవాడు, ఆ మాట తీసేస్తే తన దగ్గర ఇంకేం మిగులుతుందని భయపడ్డాడు. అది పిరికితనమే. దానికి వేరే పేరు పెట్టక్కర్లేదు.

ప్రతి బుధవారమూ ఆమె వచ్చింది. ప్రతి బుధవారమూ అతను "ఈ వారం చూద్దామమ్మా" అన్నాడు. ఒకరోజు తెల్లవారుజాము బండికి సికింద్రాబాదు పోయి అంగడి అంగడీ తిరిగి, వేరే మోడలు తెరలు రెండు కొనుక్కొచ్చాడు. ఒకటి పట్టలేదు. ఇంకొకటి పట్టింది గానీ వెలగలేదు. మద్దమ్మ ఖాళీ కుర్చీలో పిల్లిని పక్కకు జరిపి కూర్చుని ఊరి సంగతులు చెప్పేది. పిల్ల పరుగు సమయం రెండు నిమిషాలు తగ్గిందని, పొద్దున చలికి కాళ్లు పగిలినా ఆగడం లేదని, పాత పుస్తకాలు ఎవరినో అడిగి తెచ్చుకుందని. ఒకసారి కూడా విసుక్కోలేదు. ఆమె తిట్టి ఉంటే అతను బతికిపోయేవాడు.

"మా పాప కోసరం ఎంత అగసాట్లు పడతాండారు సారూ. సొంతోళ్లు గూడ ఇట్ల చెయ్యరు" అంది ఒకరోజు. ఆరోజు అతను మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

జనవరి మూడో బుధవారం వచ్చినప్పుడు ఆమె కుర్చీలో కూర్చోలేదు. "ఆదివారం పరీచ్చ సారూ. లేకున్నా రాస్తాదిలే. లెక్కల్లోనే యట్లవుతాదో ఏమో" అని, ఒకసారి బల్ల మీది ట్యాబును చూసి, అతన్ని చూసి వెళ్లిపోయింది. ఆదివారం అతను కొట్టు తెరిచాడు. ఆదివారం ఎప్పుడూ తెరవడు. పది గంటలనుంచి ఒంటిగంటదాకా, ఆ పిల్ల ఎక్కడో బల్ల ముందు కూర్చుని ఉన్నంతసేపూ, ఏ పనీ లేకుండా కడ్డీ వేడి చేసుకుంటూ కూర్చున్నాడు.

ఫలితాలు వచ్చాక రెండు వారాలు ఎవరూ రాలేదు. ఫిబ్రవరిలో ఒక పొద్దున, కొట్టు ఊడ్చి అగరొత్తి వెలిగిస్తుండగా, తలమీద మూటతో మద్దమ్మ మెట్టెక్కింది. వెనకాల సన్నగా పొడుగ్గా ఒక పిల్ల. భుజాన గోనెసంచి, చేతిలో నల్లబడిన అల్యూమినియం దబర గిన్నె. ఎవరో చెప్పకుండానే మహేశుకు అర్థమైంది. పరుగెత్తే కాళ్లు అలాగే ఉంటాయి.

"సుగ్గికి పోతాండాం సారూ. మా ఊరోళ్లంతా బస్టాండు కాడ ఉండారు, బండి వస్తాది" అంది మద్దమ్మ. "నాలుగు మార్కుల్లో పోయె. అదీ లెక్కల్లోనే. ఏం చేస్తాం, రాసిపెట్టింది. మా పాప మిమ్మల్ని చూడల్ల అన్నాది." ఎదురు కొట్టు వైపు చూసి, "ఒక్క నిమిషం, ఫోన్లో దుడ్లు ఏపిచ్చుకోని వస్తా. పాపా, ఈడే ఉండు" అని మూట దించి రోడ్డు దాటింది.

 శివకుమారి బల్ల మీద పగిలిన తెరతో పడి ఉన్న తన ట్యాబును చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. అంచు మీద చీటీ ఉండాల్సిన చోట జిగురు మరక మిగిలింది. దాని మీద బొటనవేలు ఒకసారి రాసింది.

"పాపా," అన్నాడు మహేశ్.  రెండు నెలలుగా లోపల నలిగిన మాట ఇప్పుడు తోసుకొచ్చింది. "నీకొకటి చెప్పల్ల. మీయమ్మకు గూడ చెప్పల్ల. ఆ పొద్దు మీయమ్మ బిల్లు..."

"నాకు తెల్సు సార్."

ఆ పిల్ల కళ్లు ట్యాబు మీదే ఉన్నాయి.

"డిసెంబర్లోనే, మా ఫోన్లో దుడ్లు లేక, పక్కింటోళ్ల ఫోన్తో కంపెనీకి చేసినా. సీలు తియ్యకుంటే కొత్తది ఇస్తామన్నారు. బిల్లు చూపిచ్చినావా అని మాయమ్మను అడిగినా." ఆ పిల్ల గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. "చూపియ్యబోతే ఆ సారే వద్దన్నాడు, నిన్ను నమ్మకనా అన్నాడు, శానా మంచోడు పాపా అనింది. అప్పుడే అర్థమయ్యె."

"మరి ఎందుకు రాలేదు? వచ్చి నన్ను నిలదీయకపోయినావా?"

"వచ్చి యేం చెయ్యల్ల సార్? అప్పటికే విప్పినారు గదా."

రోడ్డు అవతల మద్దమ్మ హనుమేష్‌కు నంబరు ఒక్కొక్క అంకే చెబుతోంది. శివకుమారి అటు చూసి, గొంతు బాగా తగ్గించింది.

"మాయమ్మకు చెప్పొద్దు సార్."

"లేదు పాపా, చెప్పకపోతే నాకు..."

"మీకు తేలికైతాది సార్. ఆయమ్మకు కాదు." తల దించుకుని ట్యాబును తువ్వాలలో చుట్టడం మొదలుపెట్టింది. "చేతిలో బిల్లు పెట్టుకోని గూడ చూపియ్యకపోతినే, సదువు రాక పాప బతుకు నేనే చెడగొడ్తినే అని ఏడుస్తాది. మిమ్మల్ని ఒక్క మాట అనదు, తన్నే అనుకుంటాది. నాలుగు నెల్లు నేను ఆయమ్మ పక్క సాళ్లోనే మిరపకాయలు తెంపల్ల. దినామూ ఆ ఏడుపు నేను చూడలేను." తువ్వాల కొస ముడివేసింది. "మీరు ఆయమ్మకు మంచోళ్లుగానే ఉండండి సార్."

పద్దెనిమిది దాటి ఎంతో కాలం కాని పిల్ల. అతను చేసిన తప్పును ఎక్కడ పాతిపెట్టాలో చోటు కూడా చూసిపెట్టింది. మహేశ్ కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకుంటే అవతలినుంచి మద్దమ్మ చూస్తుందని తుడుచుకోలేదు.

మద్దమ్మ రోడ్డు దాటి వచ్చింది. మూటలోంచి సంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. "మా చేలో బుడ్డలు సారూ. ఈయేడు ఈ రోంతే పండినాయి. మీరెట్లా దుడ్లు తీసుకోరు." పచ్చి వేరుశనగలు కావవి, ఎండబెట్టి ఏరి కట్టిన గింజలు. పుచ్చులు ఒక్కటీ లేకుండా ఏరింది.

"ఏంది సారూ, కండ్లు ఎర్రగుండాయి?"

"కడ్డీ పొగమ్మా" అన్నాడు.

"మీరు బాధపడాకండి. మీరు పడిన కష్టం మాకు తెలీదా." తర్వాత నడుము సంచిలో చెయ్యి పెట్టి, నాలుగు మడతల కాగితం తీసింది. మడతల దగ్గర చెమటకు చిరుగులు పట్టింది. "ఇదో, ఈ బిల్లు గూడ మీ కాడే ఉండనీ. మొదుటి దినం చూపిద్దామంటే వద్దంటిరి. మేము చేల గట్ల మీద ఉంటాము, వానకు తడిసిపోతాది."

మహేశ్ చెయ్యి చాచాడు. ఆ కాగితం అరచేతిలో పడింది. బరువేమీ లేదు.

"మళ్లీ నాలుగేండ్లకు పడ్తాయంట ఆ ఉద్యోగాలు. దానికి వయసు ఉంటాదంట అప్పటికి గూడ" అంది మద్దమ్మ, కూతురి చేతిలోంచి తువ్వాల మూటను తీసి, మొదటిరోజు దించినట్టే మెల్లగా బల్ల మీద దించుతూ. "అంతలోపల మీ చేతిలో బాగుపడకుండా పోతాదా. ఈడనే పెట్టిపోతాండా సారూ. చూడండి."

బాగుపడదమ్మా. ఆ మాట ఇరవై రెండేళ్లలో మొదటిసారి అతని నాలుక చివరిదాకా వచ్చింది. పెదవులు విచ్చుకున్నాయి కూడా. అప్పుడు ఆమె భుజం మీదుగా శివకుమారి కళ్లు కనిపించాయి. ఆ పిల్ల తల అడ్డంగా ఊపలేదు, చెయ్యెత్తి ఆపలేదు. ఊరికే చూస్తూ నిలబడింది.

"చూద్దాంలేమ్మా" అన్నాడు ఉమామహేశ్.

మద్దమ్మ నవ్వి, మూట నెత్తికెత్తుకుని, తేలిగ్గా మెట్లు దిగింది. శివకుమారి గోనెసంచి భుజానికి తగిలించుకుని తల్లి వెనకాలే నడిచింది.